నిలబడే చోటు

టెక్కలి పాత రిజిస్ట్రారాఫీసులో
నేలంతా పువ్వులే.
నాలుగు పలకలు కలిస్తే ఒక పువ్వు,
పదహారు కలిస్తే దాని చుట్టూ తీగ.
ఎనభై ఏళ్ల కిందట ఎవరు పరిచారో,
సందులో గోరు కూడా దూరదు.

బల్ల ముందు మాత్రం పువ్వుల్లేవు.
పదకొండు పలకలు
గిన్నె అడుగులా గుంటపడి
లోపలి బూడిద సిమెంటు తేలింది.
ఇంజనీరు బాబు టేపు పెట్టి కొలిచి
"ఇక్కడే ఎందుకయ్యా ఇంతలా అరిగింది?" అన్నాడు.
ఆయనది రాజమండ్రి. కొత్త.
వేలిముద్ర వేసేవాడు
ఇంకెక్కడ నిలబడతాడు బాబూ, అన్నాను.
ఆ నిమిషం కాళ్లు ఊరికే ఉండవు.

మా అయ్యా అక్కడే నిలబడ్డాడు.
ముప్పై సెంట్ల మెరక, ఆరు కొబ్బరి మొక్కలు.
నాకు ఏడేళ్లు. పంచె అంచు పట్టుకొని
కిందికి చూస్తూ ఎర్రరేకులు లెక్కపెట్టాను,
అప్పుడింకా ఉండేవి. ఎనిమిది.
నల్లటి బొటనవేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలీక
ఆయన దాన్ని గాల్లోనే పట్టుకొని
బస్టాండు దాకా నడిచాడు.

నీలం గ్రానైటు లారీలకెత్తి
ఊళ్లు దాటించే ఊరు ఇది,
అదే పరిచేస్తే పోలేదా అన్నారు కొందరు.
పైనుంచి కాగితం వచ్చింది: పాతది పాతలాగే ఉండాలి.
అచ్చు పలాసలో పాతసామాన్ల కొట్లో దొరికింది,
ఇత్తడిది, ఒక రేకు వంగి.
కిలో లెక్కన తూచి ఇచ్చాడు.

తెల్ల సిమెంటు, పాలరాతి పిండి, రంగుపొడి,
అన్నీ కుదిరాయి, ఎరుపు తప్ప.
మొదటిది పెళ్లి పారాణి.
రెండోది ఇటుక.
మూడోది తడిలో అచ్చం అదే,
ఆరేసరికి వెలిసిన పావడా.
తడి రంగుని నమ్మకూడదని
ఇరవై ఏళ్లుగా తెలుసు, ఇంకా నమ్ముతాను.

ఎర్నమ్మ, మా ఇంటిది,
కత్తిపీట ముందు కానాగంతలు కోస్తూ
తల ఎత్తకుండా అంది:
"ఇయ్యాల్టి సేప మొప్ప కాదు,
నిన్నటి సేప మొప్ప. అదీ దాని ఎరుపు."
చిటికెడు మసి, అరచిటికెడు పసుపుమట్టి.
ఇరవై ఒక్క రోజులు తొట్టి నీళ్ల అడుగున.
తీసి ఆరబెట్టి పాతదాని పక్కన పెడితే
చూసింది, ఏమీ అనలేదు.
అంటే కుదిరిందని.

పాతవి తియ్యడం వేరే పని.
ఉలి పెడితే పక్కదానికి నెర్ర.
ముందు వేలి కణుపుతో కొట్టి వినాలి:
బోలుగా పలికితే వచ్చేస్తుంది,
గట్టిగా పలికితే బతిమాలాలి.
ఒకదాని కింద వంశధార ఇసక,
అందులో మినపగింజంత నత్తగుల్ల.

పదకొండూ తీసి వసారాలో పేర్చాను.
గోతిలో పోయించెయ్ అన్నాడు ఇంజనీరు.
మా అయ్య నిలబడ్డది ఏదో ఒకటి
గుడ్డలో చుట్టి తెచ్చుకుందామని
సాయంత్రం దాకా తిరగేశాను.
తేల్చుకోలేక
పదకొండూ పోశాను.

మళ్లీ తెరిచిన రోజు
"దున్న బృందావతి!" అని కేకేశాడు గుమాస్తా.
నౌపడ ఉప్పుమళ్ల మనిషి,
మడమల పగుళ్లలో తెల్లగా పొట్టు.
కొత్త పువ్వుల దాకా వచ్చి ఆగింది,
కుచ్చిళ్లు ఎత్తిపట్టి చుట్టు తిరిగి
పక్కనున్న పాతవాటి మీద నిలబడింది.
"తొక్కమ్మా, తొక్కడానికే ఏసినాం" అన్నాను.
"కొత్తయి కదా బాబూ, నాకెందుకు.
ముద్దరెయ్యడానికి ఈ సోటు సాల్దేటి?"

బొటనవేలు సిరాలో అద్దింది.
కాగితం మీద ఒత్తుతుంటే
ఎడమ మడమ కొంచెం తిరిగింది,
పన్నెండో పలక మీద.