మంగళవారం పొగ లెక్క

ఏడు రోడ్ల కాడ నా పాత మారుతి వ్యాను.
అద్దం మీద అక్షరాలు సగం రాలిపోయినాయి:
ఇచ్చట పొగ పరీక్ష చేయబడును.
పన్నెండేండ్లుగా
కార్ల వెనక గొట్టంలో కడ్డీ దూర్చి
వాటి ఊపిరి కాగితమ్మీద అచ్చేసి ఇస్తాండా.

ఇప్పుడు మంగళవారాలు
ఈడ్నుంచి పాత బస్టాండు దాకా కార్లు రాగూడదంట.
డ్రమ్ములు పెట్టి తాడు కట్టినారు.
నా వ్యాన్ని మాత్రం పనిమీదుందని వదిలేసినారు.
ఏం పని?
చెరువెండినాక మిగిలిన తూము మాదిరి
నిలబడుండా.

నిజం చెప్పాల.
మొదటి మంగళవారం
ముసుగేసిన గొంగడి ఎవరో లాగేసినట్టు
పాలకొండలు కనపడినాయి,
చెయ్యి చాపితే తగిలేంత దగ్గిర.
కారం దోసె వాసన మూడు సందులు దాటొచ్చింది.
ఆ రాత్రి మా గౌసియా
మందు పీల్చే డబ్బా అడక్కుండా నిద్రపోయింది.
నేనే మేలుకోనుండి
దాని ఊపిరి లెక్కబెట్టినా,
యంత్రం లేకుండా.

గాజులంగడి ఓబులమ్మకు ఆ దినం బోణీ లేదు.
మధ్యాన్నానికే పరదా దించేసి
"గాలి బాగుండాది దస్తగిరీ, తిని చూడు" అనింది.
రిటైరయిన లెక్కల సారు మోకాళ్లు
డ్రమ్ముల కాడ్నుంచి కంటాసుపత్రి దాకా
నాలుగు తావుల కూచున్యాయి.
ఇరవై అడిగే ఆటో యాభై అనింది.
నల్లద్దాల కారొకటి వస్తే
తాడు దానంతటదే వంగింది.

మళ్లించిన రోడ్డు మా అక్క మెహరున్ వాకిట్లోనే.
ఊరి కార్లన్నీ ఆ దినం ఆ సందులోనే నిలబడి
గుర్రుమన్నాయంట.
ఆరేసిన తెల్ల దుప్పటి
సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగిందంట.
ఫోన్లో అనింది:
"మీకు కొండలు కనపడతాండాయంట గదా.
మాకు ఎదురిల్లు కనపళ్యా."

ఇంక నా లెక్క ఒకటుంది,
ఎవురికీ చెప్పుకోలేనిది.
గౌసియా డబ్బా ఒకటి కొనాలంటే
నాకు నాలుగు కార్ల పొగ కావాల.

నిన్న మంగళవారం
ఈగలు తోలుకోలేక
నా వ్యాను గొట్టంలోనే కడ్డీ పెట్టి చూసినా.
తప్పింది.
కాగితం చించేద్దామనుకుంటి.
చించల్యా.
మడిచి జోబీలో పెట్టుకోని
వ్యాను ఆడనే ఇడిసిపెట్టి ఇంటికి నడిచినా.

ఎడంపక్క పాలకొండలు
పొద్దు గూకేదాకా
కనపడతానే ఉండాయి.