కొసరు

చింబోతే రేవులో గాలికి ముళ్లుంటాయి.
చేపపిండి మిల్లు పొగగొట్టం వదిలే వాసన
ఉతికిన చొక్కాలోంచి పోదు, ఉడికిన బంగాళాదుంపలోంచీ పోదు.
వేట సీజన్ ఇంకా పదకొండు రోజులుంది.

ఈ నెల బిల్లులో
పని చెయ్యని కరెంటుకి పడ్డ జరిమానాని
మేనేజరు బారెన్ ఎర్ర పెన్నుతో మూడుసార్లు చుట్టాడు.
"పని చెయ్యనిదానికి డబ్బులెందుకు?"

ఎర్లిందా చౌకా కిటికీలోంచి వేలు చూపించింది.
ఖాళీ వలతో తిరిగొస్తున్న పడవ.
"దానికి డీజిల్ కాలలేదా?
మన మోటార్లడిగే ఈ ఉత్త రాకపోకల్ని
కొండల అవతల నుంచి మోయించుకోవడం దేనికి?
పక్కనే ఓ బీరువాలో పెట్టేద్దాం."

బీరువా లీమా నుంచి లారీలో దిగింది.
నూటయాభై కేవీఏఆర్, బూడిదరంగు, కొత్త పెయింటు కంపు.
తీగ గోడౌన్లోనే ఉందన్నాడు బారెన్.
డెబ్బై సైజు రాగి. దుమ్ము దులిపితే చాలు. ఊరికే వస్తుంది.

ఇంటిపేరు చౌకా గానీ
ఆమెకి చౌక తీగంటే పడదు.
సిమెంటు సంచీ చింపి, కాగితం తిరగేసి, లెక్క మొదలెట్టింది.
నాలుగువందల నలభై వోల్టులు, కింద మూడుకి వర్గమూలం,
నూటతొంభైఏడు ఆంపియర్లు తేలాయి.
మా గది ఉక్కకి తరుగు పోను
డెబ్బై సైజు మోసేది రెండువందల ముప్ఫైమూడు.

"చాలుగా!" అన్నాడు బారెన్.
నిచ్చెన పట్టుకున్న నాకూ చాలుననే అనిపించింది.

"మోటారు మనిషిలాంటిది.
బరువుంటే వంగుతుంది, లేకపోతే నడుం వాలుస్తుంది.
దీనికి సగం పని తెలీదు.
మీట వేసిన క్షణం నుంచి నిండుగా పారాల్సిందే, రాత్రీ పగలూ.
పైగా ఆ మూల కొత్త డ్రైవులు వదిలే వంకర తరంగాలన్నీ
ముందు దీనింటికే చుట్టాలుగా దిగుతాయి.
తెల్లారగట్ల ఊరు పడుకుంటే వోల్టేజీ పొంగుతుంది.
అదీ దీని నెత్తినే."

సంతలో దుంపలమ్మే ముసలామె
కిలో తూచాక ఇంకో రెండు వేస్తుంది. యాపా అంటారిక్కడ.
కొసరు.
అది దానం కాదు.
తూకం ఎంత అబద్ధమాడగలదో
తూచే చేతికి తెలుసు.

నూటతొంభైఏడుకి సగం కొసరు.
రెండువందల తొంభైఐదు దాటింది.
తొంభైఐదు సైజు తీగ
రెండువందల ఎనభైఐదు దగ్గర ఆయాసపడి కూలబడింది.
ఆ పది ఆంపియర్ల కోసం బారెన్ గంటసేపు బేరమాడాడు.
రాగి బేరం వినదంది ఆమె.

ఒకప్పుడు పైతా మిల్లులో
ఎవరో ఇలాగే బేరమాడితే సరేనందట.
ఆ కథ అక్కడి వరకే చెబుతుంది.
ఎంత ఎండలోనైనా
ఎడమ చేతి చొక్కా మాత్రం మడవదు.

నూటఇరవై సైజు వచ్చింది.
వంచడానికి ముగ్గురం పట్టాం.
గోడౌన్లో డెబ్బై తీగ మీద దుమ్ము అలాగే ఉంది,
బారెన్ నాతో మాట్లాడ్డం లేదు.

సీజన్ ముగిసిన మర్నాడు బోల్టులు చూడాలంది.
మీట దించాం. నేను తలుపు మీద చెయ్యి వేశాను.
"ఆగు. ఆపితే ఆగేది కాదది,
కడుపులో దాచుకుంటుంది."
నారింజ ఒలుస్తూ మెట్టు మీద కూర్చుంది.
డబ్బా మీద ఐదు నిమిషాలని రాసుంది.
ఆరోదీ గడిచాక
తొక్కలు జేబులో వేసుకుని
మీటరు పట్టుకుని లేచింది.