ఈదమ్మ రెగ్యులర్

అచ్చంపేట బస్టాండు ఎదురుంగ
మా ఫ్లెక్సు దుకాణం కంప్యూటర్ల
నూట పన్నెండు ఫాంట్లున్నయ్.
నూట పదమూడోది నేను చేసిన.

మా ఈదమ్మత్త మిషను కుడుతది.
నలభై దాటినంక రాత్రిబడిల నేర్చిన అక్షరాలు
కొలతల నోటుబుక్కుల గీతలు దాటి దుంకుతయ్.
“బాలకిష్టమ్మ జాకీటు. చేతులు పొట్టి. ఉక్కులు ముందల.”
ఆ బుక్కు బతిమిలాడి తెచ్చి, స్కాను చేసి,
ఒక్కో అక్షరాన్ని కత్తిరించి కుదిరిచ్చేసరికి
పదకొండు రాత్రులు.
ఈదమ్మ రెగ్యులర్ అని పేరు పెట్టిన.
అందుల రెగ్యులరు ఏమున్నదో
నన్నడగకుండ్రి.

‘క’ మీది తలకట్టు
బారాత్‌ల ఎగిరెటోని రుమాలు, ఎప్పుడూ ఎడమకే జారుతది.
‘ట’ కడుపు పట్టుకొని నవ్వుతది.
సున్నాలు ఒక్కటీ మూసుకోవు,
ఇంకేదో చెప్పేదున్నట్టు నోరు తెరిచే ఉంటయ్.
కొమ్ములున్నయ్ గాని కుమ్మవు.
ఒత్తులు, కొంగు పట్టుకొని ఏలాడే పిల్లలు.

పెద్దగ పెడితేనే దీని ఆట.
చిన్నగ పెడితే చీమలు కొట్లాడినట్టుంటది.
కుల్ఫీ బండికి పెట్టిన, బజ్జీల కొట్టుకు పెట్టిన,
ఎల్‌కేజీ అడ్మిషన్లకు, మొదటి పుట్టినరోజుకు.
ట్రాన్స్‌ఫార్మరు కాడికి ‘ప్రమాదం’ అని కొట్టి చూస్తే
రా రా అని పిలిచినట్టున్నది. తీసేసిన.
బ్యాంకాయన బంగారం వేలం నోటీసుకు
ఇదే కావాలన్నడు.
ఇయ్యలే.

మొన్న మార్చిల
ఉప్పునుంతల నుంచి ఒకాయన వచ్చిండు,
అంగీ జేబుల పెండ్లాం ఫోటో.
చలివేంద్రం బ్యానరు.
‘బుచ్చమ్మ జ్ఞాపకార్థం’ అని రాయాలె.
అన్ని ఫాంట్లూ చూపెడితే తల అడ్డంగ ఊపి
అత్త రాత కాడ ఆగిండు.
“ఇది పెట్టు. ఆమె గిట్లనే ఉంటుండె,
ఒక్కకాడ నిలబడకపోయేది.”

కొట్టిన.
‘జ్ఞా’ ఉండాల్సిన కాడ ఖాళీ డబ్బా.
అత్త బుక్కుల ఆ అక్షరమే లేదు,
జాకీట్లకు దానితోని ఏం పని?
రోడ్డు దాటి ఉరికిన.
“అత్తా, జ్ఞ రాసియ్యి.”
పండ్ల నడుమ గుండుసూది పట్టుకొనే అన్నది:
“గదెట్లుంటదో నాకెర్క లేదు బిడ్డ.
యాది అంటే సాలదా?”

మళ్ళొచ్చి కొట్టిన.

    బుచ్చమ్మ యాదిల
    సల్లటి నీళ్ళు

‘యా’ దీర్ఘం సాగి సాగి
బొమ్మల కుండ మూతిని ముట్టుకున్నది.
నేను జరపలే.

ఆయన అద్దాలు తుడుసుకొని చదివిండు.
ఇంకోసారి, పెదాలతోని.
తర్వాత గొంతు సవరించుకొని
ముప్పై రూపాయలు తగ్గియ్యమన్నడు.