అరవై అయిదు

పుంతా అరెనాస్‌లో తలుపు మూయాలంటే
రెండు చేతులూ కావాలి, గాలి అలాంటిది.
ఆ గాలిలోంచే తెచ్చారు నోల్ఫా ఒయార్సోని,
పీతల ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే.
మూడు రోజుల కింద సెంతోయా పీత ముల్లొకటి
బొటనవేల్లో దిగిందట.
నిన్నటికి మోచెయ్యి. ఇవాళ్టికి ఒళ్లంతా.

ఒళ్లు కాలుతోంది. బీపీ మాత్రం
నలభై ఎనిమిది దగ్గర చతికిలబడి లేవనంటోంది.
నాలుగు సీసాల సెలైన్ పోశాం,
ఇసుకలో పోసినట్టే.
రక్తం ఎక్కడికీ పోలేదు, ఒంట్లోనే ఉంది.
నాళాలే వదులైపోయాయి
బొందు ఊడిన లాగులాగ.

అప్పుడు తీశాను నోరాడ్రినలిన్.
చిటికెన వేలంత ఆంప్యూల్,
మెడ విరిస్తే చిన్న చప్పుడు.
గంటకు రెండు మిల్లీలీటర్లు. నాలుగు. ఏడు.
యాభై రెండు.
యాభై ఏడు.
అరవై అయిదు.
పై అంకె కాదు, కింది అంకె కాదు, సగటు.
అక్కడుంటే కిడ్నీలకు గుక్కెడు అందుతుందని లెక్క.
ఆ రాత్రి ఇంకే దేవుణ్ణీ తలచుకోలేదు నేను.

సిరంజి మూడుంబావుకి అయిపోవస్తుంది.
పాతది ఆగకముందే కొత్తది అందుకోవాలి.
ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆలస్యం చేశాను,
పదకొండు సెకన్లు.
ఆయన పేరు చెప్పను.
ఆ పదకొండూ నాకింకా అయిపోలేదు.

ఈ మందు తన జేబులోంచి ఏమీ ఇవ్వదు.
గుండెకీ మెదడుకీ పెట్టడానికి
చివర కూర్చున్నవాళ్ల కంచంలోంచి తీస్తుంది.
తెల్లవారుజామున దుప్పటి ఎత్తి చూశాను:
కుడిచేతి వేళ్లు మూడు
ఇక్కడి ముళ్లపొదల్లో కాసే కలఫాతే పండు రంగు.
గంటకు నలభై పీతలు ఒలిచే వేళ్లు.
డాక్టర్ మన్సీయా చూశాడు, ఏమీ అనలేదు,
వాసోప్రెసిన్ కూడా కలపమన్నాడు.
కలిపాను.
అరవైకి జారితే మొదటిదీ పెంచాను,
ఆ వేళ్లు చూస్తూనే, ఈ వేళ్లతోనే.

నాలుగో రోజు దించడం మొదలుపెట్టాం.
అర మిల్లీలీటరు. ఆగడం. చూడడం.
మళ్లీ అర.
నిద్రపోయిన పిల్ల తల కిందనుంచి
చెయ్యి లాక్కున్నట్టు.
సాయంత్రానికి పంపు మీద సున్నా,
తెర మీద అరవై ఎనిమిది,
ఎవరి సాయమూ లేకుండా.
బయట జలసంధిలో ఏదో ఓడ హారన్ కొట్టింది,
మా కోసం కాదు.

చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు.
నోల్ఫాకి కళ్లు రెండూ ఉన్నాయి.
వాటితోనే చూసుకుంది చేతిని,
చాలాసేపు, ఎవరిదో వస్తువు చూసినట్టు.
"ఎవరు చేశారిది?" అంది.

"పీతే," అన్నాడు వాళ్ల తమ్ముడు.
నేను పంపు తుడుస్తూ ఉండిపోయాను,
అప్పటికే శుభ్రంగా ఉన్న పంపుని.