మణికట్టు మీద చుక్క

డండీలో ఆ వారమంతా వాన నిలువుగా పడలేదు.
టే నది మీంచి అడ్డంగా వచ్చి
మా ఫైళ్ళ అంచులు నాకి పోయింది.
నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
మోరాగ్ మోకాళ్ళు రెండూ చెరోమాట అంటున్నాయి,
నేను ముందెక్కి, ఆగి, మళ్ళీ ఎక్కి.
ఉద్యోగంలో నాకది మూడో వారం.
చేతిలో ఇరవై ఆరు ప్రశ్నల కాగితం.

తలుపు తీసింది ఐలీ. ఏడేళ్ళు.
"అమ్మకి తలనొప్పి, మెల్లగా మాట్లాడండి" అని
మా బూట్ల కేసి చూసింది.
విప్పేశాం.

ఇల్లు అద్దంలా ఉంది.
ఫ్రిజ్‌లో పాలు, గుడ్లు, సగం కోసిన క్యాబేజీ.
సోఫాలో దుప్పటి కింద షోనా
నవ్వాల్సిన చోటల్లా నవ్వింది,
ఒక్క క్షణం ఆలస్యంగా.
నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను.
పరిశుభ్రత, బాగుంది. తిండి, బాగుంది.
బిడ్డ బరువు, బాగుంది.
నా పెన్ను ఎంత హుషారుగా నడిచిందో!

మోరాగ్ ఏమీ రాయలేదు.
టీ ఇస్తే తాగింది.
కరెంటు కార్డు ఎన్నాళ్ళకీ రావట్లేదని
ఊరికే, గోడతో అన్నట్టు, గొణిగింది.
"మాకు శుక్రవారం దాకా వస్తుంది,
హీటరు ఒక్క గదిలోనే వేస్తే."
ఆ జవాబు సోఫాలోంచి రాలేదు.

అప్పుడు కాలమ్ ఏడ్చాడు.
షోనా లేవబోయింది. నిజం, లేవబోయింది, నేను చూశాను.
అప్పటికే పాలసీసా
పిల్ల చేతిలో ఉంది.
మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని
తల వంచి, కళ్ళు మూసి,
చర్మం చెప్పేదాకా ఆగింది.
ఇంకా వేడి. కుళాయి కింద పట్టింది.
మళ్ళీ ఒక చుక్క.

మోరాగ్ కప్పు పక్కన పెట్టి
వెళ్ళి నేలమీద కూర్చుంది,
ఐలీ తలెత్తక్కర్లేని ఎత్తులో.
"ఎవరు నేర్పారు?"
"ఎవరూ కాదు. ఒకసారి వాడి నోరు కాలింది.
అమ్మకి చెప్పలేదు. ఏడుస్తుంది."

నా కాగితంలో దానికి గడి లేదు.

కారెక్కాక అన్నాను, "ఎంత తెలివైన పిల్లో!"
మోరాగ్ తాళం పెట్టింది, తిప్పలేదు.
వైపర్లు సగంలో ఆగి ఉన్నాయి.
"తెలివే. ఎవరు ఎప్పుడు ఏడుస్తారో
ఊపిరి వినే పసిగడుతుంది.
నాకా విద్య పట్టుబడ్డానికి ముప్పై ఏళ్ళు,
అదీ జీతమిచ్చి నేర్పితే.
ఆ పని తన చేతుల్లోంచి దించాలి మనం.
లాక్కోకూడదు."
"లాక్కుంటే?"
"ఈ ఇంట్లో తనది అనుకోడానికి ఇంకేముంది?"

తర్వాత చాలాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టింది.
షోనాకి డాక్టరు. పొద్దున బడిలో టిఫిను.
అర్‌బ్రోత్‌లో పిన్ని ఒకావిడ ఉందట,
మాటల్లేవట. ఆ వేలు మడవకుండా ఉంచేసింది.

మరుసటి గురువారం
సీసా షోనా చేతిలో పెట్టింది మోరాగ్.
"సరిపోయిందో లేదో నువ్వు చెప్పాలి" అంది ఐలీతో.
షోనా మణికట్టు వణికింది.
పిల్ల వేలితో ముట్టి, "ఇంకా వేడి."
కుళాయి. చుక్క. "ఇంకా."
నాలుగోసారి ఏమీ అనలేదు.
టీవీ వైపు తిరిగింది,
అందులో ఏదో పిల్లి గోడెక్కి జారుతోంది.

పూర్తిగా తిరగలేదు లెండి.
ఒక చెవి ఇటే ఉంది.