ఎవరి గుంట వాళ్ళది

గాజువాక ఆటోనగర్‌లో, మూడో వీధి చివర,
కారు కింద వెల్లకిలా పడుకుని
ముత్యాలనాయుడు చెయ్యి మాత్రం బయటికి చాపుతాడు:
"గుంటా, ఆ పదిహేడో నంబరు ఇలాగియ్యి."
మా వైపు గుంట అంటే పిల్ల.
రోడ్డు మీద గుంట అంటే ఏమిటో అందరికీ తెలుసు.
నాకు ముప్పై నాలుగేళ్ళు,
ఓడరేవులో క్రేను నడుపుతాను,
అయినా ఈ షెడ్డులో గుంటనే.

ముందు బోల్టు రాలేదు.
పద్దెనిమిదేళ్ళ ఉప్పుగాలి
ఇనుముకీ ఇనుముకీ ముడేసి కూర్చోబెట్టింది.
కిరసనాయిలు పోశాం. గ్యాసు మంట పెట్టాం.
స్పానరుకి నాలుగడుగుల పైపు తొడిగి
ఇద్దరం వేలాడాం.
రాత్రి పదిన్నరకి,
మూడు హాక్సా బ్లేడులు అరిగాక,
టంగుమంది.
సగం ముక్క అరచేతిలో పెట్టుకుని
"పాపం, ఇన్నాళ్ళూ బానే కాసింది" అన్నాడాయన.

లోపలి రబ్బరు బుష్షులు
ఎండి చిట్లిన మామిడితాండ్ర.
వాటి చోట ఖాదర్ వలీ లేతు మీద తిప్పిన నైలాన్‌వి.
తెల్లటి పొట్టు ఉంగరాలుగా లేచి
ఆయన గడ్డంలో చిక్కుకుంది.
"చప్పుడు చేస్తాయమ్మా.
రబ్బరు అన్నీ కడుపులో దాచుకుంటాది.
ఇది ఉన్నదంతా చెప్పేస్తాది."
చెప్పనీ, అన్నాను.

నా కారుకి వెనక చక్రాలు వేటికవే.
ఒకే ఇరుసుకి బిగించిన బండిలో
ఎడమది గుంటలో దిగితే కుడిదీ ఒరగాల్సిందే.
మా ఇంట్లో అలాగే నడిచేది,
చెల్లికి జ్వరమొస్తే నాకూ గంజే.
దీనికి ఆ బాధ లేదు.
కాకపోతే మధ్యలో ఒక కడ్డీ.
ఒకటి మరీ కిందికి పోతుంటే
రెండోదాన్ని పిలుస్తుంది.
పాతది చిటికెన వేలంత.
మేం బొటనవేలంతది పెట్టాం,
కొసల్లో రెండేసి కన్నాలు తొలిచి.

అలైన్‌మెంటుకి మిషను లేదు.
జాలారిపేట నుంచి తెచ్చిన వల దారం
నాలుగు స్టాండులకి కట్టి
కారు చుట్టూ బిగలాగాడు.
ఒక కన్ను మూసి, స్కేలు పెట్టి,
దారానికీ రిమ్ముకీ నడుమ సందు చదివాడు.
"కుడి సక్రం బయటకి సూస్తంది.
అక్కడేటుందో దానికి!"
రెండు మిల్లీమీటర్లు.
ఈలోగా దోమని కొట్టబోయి
నా మోకాలు దారానికి తగిలింది.
మళ్ళీ మొదటినుంచీ.

ఆదివారం, గంగవరం దారిలో ఖాళీ లారీ యార్డు.
కాంక్రీటు మీద ఎర్రటి ఖనిజం ధూళి,
నారింజ కోన్లు, సున్నంతో గీసిన గీత.
గోడ మీద పిల్లలు వరసగా.

మొదటి పరుగులో మూడో కోన్ దగ్గర
భయపడి యాక్సిలరేటర్ వదిలేశాను.
అంతే.
తోక ముందుకొచ్చింది.
ధూళి అణిగేసరికి
నా ఎదురుగా కోన్లు లేవు, సముద్రం ఉంది.
లంగరేసిన ఓడ ఒకటి,
బొగ్గుదో దేనిదో,
ఎవరినీ చూడనట్టు.

పిల్లలు ఈలలేశారు.
ముత్యాలనాయుడు నవ్వలేదు. కింద దూరి
కడ్డీని లోపలి కన్నంలోంచి విప్పి
కొస కన్నంలో బిగించాడు.
"మరీ గట్టిగా కట్టేసేం. కాసింత వదుల్దాం.
నువ్వు మాత్రం కాలు ఒగ్గీకు.
బయమేస్తే మరికాస్త తొక్కు."

రెండోసారి అన్నీ వినబడ్డాయి.
కాంక్రీటు పలకల అతుకు, గులకరాయి,
సున్నం గీత కూడా.
మలుపులో లోపలి వెనక చక్రం
జానెడు పైకి లేచిందని పిల్లలు చెప్పారు.
నాకు తెలీదు. నాకు తెలిసింది
బరువంతా మోస్తున్న రెండోది.
నలభై ఎనిమిది సెకన్లు,
ఆఖర్న ఒక కోన్ రాసుకుని పడ్డందుకు
మీద ఇంకో రెండు.
పదకొండు మందిలో ఏడు.

ఇంటికొస్తుంటే ఫోను.
చెల్లి విజయనగరంలో. వారానికోసారి.
"ఏటే ఆ కిర్రుకిర్రు?"
గుంట, అన్నాను.
"ఏ గుంట?"
మర్రిపాలెం దాటాక ఇంకోటొచ్చింది.
ఎడమది దిగింది.
కుడిది, కొంచెంగా, విన్నది.