రెండువైపులా మట్టం

లొల్ల లాకులు దాటాక
కాలవ గట్టు మీద మూడో తాడి,
దాని మొదలుకి రెండు బారల దూరం.
ఏసుపాదం ఇచ్చిన చిరునామా ఇంతే.
నా చేతిలో గాజుసీసా, భూతద్దం, పట్టకారు.
సంచిలో సాలీళ్ళ పుస్తకం;
అందులో దీని బొమ్మ లేదు,
దీనికింకా ఎవరూ పేరు పెట్టలేదు.

"పేరెందుకు లేదండీ," అన్నాడు,
"గడియమ్మంటాం మేం.
మూతేసుకుని లోపల గడియెట్టుకుంటాది గదండీ, ఆయ్."

నాకు నేలే కనబడింది.
గరిక, ఎండిన నాచు, మేక గిట్టల గుంటలు,
ఎవరో ఉమ్మిన తాంబూలం మరక.
అతను ఈతపుల్లతో చూపించాడు, తాకకుండా:
పావలా బిళ్ళంత గుండ్రన.
మట్టి మీద మట్టి గీసుకున్న సున్నా.

ముప్పయ్యొక్క ఏళ్ళు లస్కరు పని.
తెల్లారితే గేజి చూసి అంకె రాయడం,
చక్రం తిప్పడం, పళ్ళకి గ్రీజు పట్టించడం.
పడవలు నడిచిన రోజుల్లో
లాకు తలుపులు వాళ్ళ నాన్న తోసేవాడు.
ఇతను దిగిపోయాక ఆ ఉద్యోగంలోకి ఎవరూ రాలేదు.
చక్రానికిప్పుడు కాకిదొండ తీగ.

ఒక వేసవి, కాలవ కట్టేసిన రోజుల్లో,
గట్టు చెక్కుతుంటే తెగిందట
పార అంచు కింద పట్టుగొట్టం.
జానెడు లోతు, లోపలంతా
ఉతికిన పంచెలా తెలుపు.
అడుగున చీమల తలకాయలు, పేడపురుగు రెక్క,
ఆవిడే విడిచేసుకున్న పాత కాళ్ళు.
మర్నాటినుంచి ఆ మేర పార వెయ్యలేదు.
పైవాళ్ళు అడిగితే
"రాయుందండి" అనేవాడు.

"మరి మగది?"
"తొలకరికి ఒక రాత్రి నడిచొస్తాడండి.
తలుపు తడతాడు.
ఆ తర్వాత సంగతులు మనకెందుకండీ."

పట్టకారు మొన అంచు కింద దూర్చాను.
లోపల్నుంచి లాగింది.
వేలిగోరంత మూత,
నా మణికట్టుకి తెలిసేంత పట్టు.

"ఆగండాగండి.
లాకు తలుపు బలానికి రాదండి.
అవతల నీళ్ళెంతో ఇవతలా అంత ఉండాల.
మట్టం కలిస్తే చంటిపిల్ల తోసినా వచ్చేద్ది.
జానెడు తేడా ఉందా,
ఏనుగొచ్చినా రాదు."

అని, తువ్వాలు పరుచుకుని
అరవై ఆరేళ్ళ మనిషి
గట్టు మీద బోర్లా పడుకున్నాడు,
చెంప నేలకి ఆనించి.
కాసేపు నిలబడి చూశాను.
తర్వాత నేనూ.

పొద్దు వాలింది.
అవతలి ఒడ్డున ఎవరో మోటారు ఆపారు.
దోమలు. ఎవరివో బాతులు, ఒకటే గోల.
మోచేతి కింద ఒండ్రు ఇంకా వెచ్చగా ఉంది.
నా ఊపిరికి గరిక కదులుతోందని
సిగ్గేసి, మెల్లగా తీసుకోవడం మొదలెట్టాను.

ఎప్పుడు తెరిచిందో చూడనేలేదు.
సున్నా ఒకవైపు వెంట్రుకవాసి లేచింది.
ఆ సందులో రెండు కాళ్ళ కొసలు,
గుమ్మంలోకి వచ్చి ఎవరా అని చూసే మనిషి
తలుపు రెక్క మీద వేళ్ళుంచినట్టు.

సీసా నా పక్కనే దొర్లి ఉంది.
ఒక్క నమూనా అయినా లేందే
పుస్తకాల్లో పేరెక్కదు.
చెయ్యి చాస్తే అందే దూరం.
ఏసుపాదం కళ్ళు మూసుకునే
ఏదో అంకె గొణిగాడు,
పాత అలవాటు కాబోలు.

ఆ రోజు ఫారంలో రాసింది:
చోటు, కాలవ గట్టు.
వేళ, దీపాలు పెట్టాక.
సేకరించినవి, ఏమీ లేవు.
మట్టం అనే గడి అందులో లేదు.
అంచున పెన్సిలుతో
నేనే గీసుకున్నాను.